తువ్వాల కింద జవాబు

వరంగల్ ఎనుమాముల మార్కెట్లో ఇప్పుడు ఎవరూ ఎవరి చెయ్యీ పట్టుకోరు. మొన్న మిర్చి సీజన్లో మా తమ్ముడితో పాటు వెళ్లి చూశాను. రైతు బస్తాలు దించుకుంటాడు. కొనేవాళ్లు కుప్పల చుట్టూ తిరిగి, నాలుగు కాయలు విరిచి చూసి, ఎవరి ఫోన్లో వాళ్లు ధర కొడతారు. కాసేపటికి ఎవరిది ఎక్కువో తెర మీద పడుతుంది. అంతా శుభ్రంగా, చప్పుడు లేకుండా జరిగిపోతోంది. ఘాటు ఒక్కటే మారలేదు. యార్డులో అడుగుపెట్టింది మొదలు బయటికి వచ్చేదాకా తుమ్ముతూనే ఉన్నాను.

"ఏందక్కా, మిర్చి షావుకారి బిడ్డవై గిట్ల తుమ్ముతవ్?" అని తమ్ముడు నవ్వాడు.

మా బాపు అడ్తిదారు. రైతు తెచ్చిన మిర్చిని కొనేవాళ్లకు చూపించి బేరం కుదర్చడం ఆయన పని. నా చిన్నప్పుడు ఆ బేరం నోటితో జరిగేది కాదు. బాపు భుజం మీది తువ్వాల తీసి కుడిచేతి మీద కప్పుకునేవాడు. కొనేవాడు దాని కిందికి తన చెయ్యి దూర్చేవాడు. ఆ తర్వాత మాట్లాడుకునేదంతా వేళ్లే. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, చెయ్యంతా పట్టుకుంటే అయిదు. అయిదు దాటితే ముందు అరచేతిలో ఒక నొక్కు నొక్కి, మిగిలిన వేళ్లు పట్టుకోవాలి. ఎదుటివాడి అంకె నచ్చకపోతే బొటనవేలితో అతని అరచేతిని ఒక్క తోపు తోసి మన అంకె చెప్పాలి. నచ్చితే అతని అంకెనే తిరిగి అతని చేతిలో చెప్పి, గుప్పిట మూసి ఒత్తాలి. దాన్ని ఖాయం అనేవాళ్లు. ఇదంతా జరుగుతున్నంతసేపూ ముఖాలు మాత్రం ఎటో చూస్తుండేవి. మా బాపు అయితే వాన వస్తుందా రాదా అని మబ్బుల్ని చూస్తున్నవాడిలా నిలబడేవాడు. ఆ ముఖం చూసి లోపల ఏం నడుస్తోందో కనిపెట్టడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

ఆ పద్ధతి పోయిందని కన్నీళ్లు పెట్టుకునేవాళ్లలో నేను లేను. ఏడాదంతా చాకిరీ చేసి పండించిన సరుకు ధర, తన కళ్లెదుటే, తనకు తెలియకుండా గుడ్డ కింద తేలిపోతుంటే రైతుకు కడుపు మండదా? కాలేజీలో చేరిన కొత్తలో దీని మీద బాపుతో పెద్ద గొడవే పెట్టుకున్నాను. "నాకు ఇద్దరి నమ్మకం గావాలె బిడ్డా, లేకుంటె రేపు దుకాణం ముందటికి ఎవ్వడు రాడు" అన్నాడు తప్ప నేను అడిగినదానికి సూటిగా జవాబు చెప్పలేదు. ఇప్పుడైనా నాకు బెంగ మార్కెట్ మీద కాదు. ఆ చేతి మీద.

ఎందుకంటే ఆ వేళ్ల భాష మా ఇంట్లోకి కూడా వచ్చింది. మా వీధి మొగదల ఒక బజ్జీల బండి ఉండేది. అన్నం తినే ముందు పిల్లలు బజ్జీలు తినకూడదని అమ్మ పట్టు. సాయంత్రం దుకాణం నుంచి వచ్చిన బాపు, అమ్మ చూస్తుండగానే, ఏమీ ఎరగనట్టు చేతి మీద తువ్వాల కప్పుకుని అరుగు మీద కూర్చునేవాడు. నేను పక్కన చేరి చెయ్యి దూర్చి ఎన్ని బజ్జీలు కావాలో చెప్పేదాన్ని. మూడంటే మూడని తిరిగి చెప్పి గుప్పిట ఒత్తేవాడు. ఒకరోజు ఆశకొద్దీ తొమ్మిది అన్నాను. బాపు మబ్బుల వంక చూస్తూనే అరచేతిలో ఒక నొక్కు నొక్కాడు, నాలుగు వేళ్లూ పట్టుకున్నాడు, ఖాయం చేశాడు. తొమ్మిదీ తిన్నాను. ఆ రాత్రి నా కడుపునొప్పికి ఇల్లంతా జాగారమే.

"పొల్ల అడిగితె మాత్రం తొమ్మిది దినవెడ్తరా? జర బేరం జెయ్యరాదు?" అని అమ్మ బాపును దులిపేసింది.

"బిడ్డతోని బేరమేందే?" అన్నాడు బాపు.

తమ్ముడి సంగతి వేరు. వాడు మూడంటే బాపు తోసేసి ఒకటి అనేవాడు. వాడు రెండుకు దిగినా మళ్లీ తోపే. పాపం వాడు పెదవి బిగించి, ముక్కు ఎగబీలుస్తూ బేరం చేసేవాడు. చివరికి ఏదో ఒక అంకె దగ్గర తెగేది, కానీ వాడు మొదట అన్న మాటకు బాపు ఒప్పుకున్న రోజు ఒక్కటీ లేదు. "రేపు దుకాణంల కూసునేటోనివి. మొదటి మాటకే తలకాయ ఊపేటోడు షావుకారెట్లయితడు రా?" అనేవాడు. వాడు పెద్దవాడై దుకాణంలో కూర్చున్నాక కూడా ఇదే తంతు. ఏ విషయమైనా తండ్రీకొడుకులు తువ్వాల కిందే తేల్చుకునేవాళ్లు, వాడు చెప్పిన మొదటి అంకెను బాపు తోసేసేవాడు. "నీకైతె అన్నీ ఖాయమే. నాకు తోపులే" అని తమ్ముడు నాతో నవ్వుతూ అనేవాడు గానీ, ఆ నవ్వు కింద ఏదో మిగిలిపోయి ఉండేది. నాకది తెలుసు.

నేను ఎలక్ట్రానిక్స్ చదివాను. మా కాలేజీ ల్యాబ్‌లో ఒక పాత రాడార్ ఉండేది. ఏదో ఓడ మీద పనిచేసి, పాతబడిపోయి, ఎవరెవరి చేతులో మారి వరంగల్ చేరింది. సముద్రం మొహం చూడని ఊళ్లో ఓడ రాడార్ ఏమిటని సీనియర్లు వేళాకోళం చేసేవాళ్లు. మేడ మీద దాని యాంటెన్నా తిరుగుతుంటే కింద గుండ్రటి గాజు తెర మీద ఆకుపచ్చ గీత ఒకటి గడియారం ముల్లులా తిరిగేది. ఆ గీత వెళ్లిన చోటల్లా ఏదో ఒక మచ్చ వెలిగి మెల్లగా ఆరిపోయేది. పద్మాక్షి గుట్ట ఒక మచ్చ, గోవిందరాజుల గుట్ట ఇంకో మచ్చ. కర్టెన్లు వేసిన ఆ చీకటి గదిలో వేడెక్కిన వాల్వుల వాసన ఉండేది. ఇప్పటికీ ఎక్కడైనా పాత రేడియో వేడెక్కిన వాసన వస్తే నాకు ఇరవై ఏళ్లు వచ్చేస్తాయి.

మా ప్రొఫెసర్ గారికి ఆ యంత్రం అంటే ప్రాణం. రాడార్ రెండో ప్రపంచ యుద్ధంలో పుట్టినా, దానికి బుద్ధి వచ్చింది యుద్ధం అయిపోయాకే అనేవారు. యుద్ధకాలంలో ఎక్కువగా చేసింది బలంగా ఒక కేక పెట్టి, అది దేనికైనా తగిలి తిరిగొస్తుందేమోనని చెవి ఒగ్గడం. వట్టి కేక అయితే దూరం నుంచి వచ్చేసరికి గోలలో కలిసిపోతుంది. తర్వాతి కాలం వాళ్లు ఆ కేకకు ఒక వరస పెట్టారు. ఎక్కడ నొక్కాలో, ఎక్కడ విడవాలో ముందే అనుకుని, దాన్ని అంకెల్లో దాచుకుని, తిరిగొచ్చిన గోలలో ఆ వరస కోసం వెతికారు. వరస దొరికితే అది మనదే. ఇంకో పద్ధతి నాకు మరీ నచ్చింది. కింద నుంచి రాడార్ నువ్వెవరని అడుగుతుంది. పైన విమానంలో ఉన్న పెట్టె తన సొంత సంకేతంతో జవాబిస్తుంది. గుట్ట నుంచి వచ్చేది మనం పంపిందే. విమానం నుంచి వచ్చేది దాని మాట.

కాలేజీలో ప్రదర్శన పెట్టిన రోజు బాపు వచ్చాడు. దుకాణం నుంచి నేరుగా రావడంతో ఆయన లోపలికి అడుగుపెట్టగానే మా క్లాసంతా తుమ్ములు మొదలుపెట్టింది. నాకు సిగ్గూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. బాపు తెర మీదికి వంగి చూశాడు.

"గా మచ్చ ఏంది బిడ్డా?"

"పద్మాక్షి గుట్ట బాపూ."

"ఏమంటాంది గుట్ట?"

"ఏమంటది? మనం ఒకటంటే అదీ ఒకటంటది. మనదే మనకు తిరిగొస్తది."

బాపు కాసేపు ఆ గీత తిరగడం చూశాడు. ఆపైన ప్రొఫెసర్ గారి వైపు తిరిగి, "సారూ, గిది పాత సామాన్ల కింద అమ్మితె ఏమన్న వస్తదా?" అని అడిగాడు. ప్రొఫెసర్ గారు నొచ్చుకుంటారేమోనని నేను బిగుసుకుపోయాను. ఆయన మాత్రం పడీ పడీ నవ్వారు.

తర్వాత అదే కాలేజీలో అదే పాఠం నేనే చెప్పాను, రిటైరయ్యేదాకా. సంకేతం పొరపాటు లేకుండా చేరిందో లేదో ఎలా తెలుసుకోవాలి అన్న పాఠం వచ్చిన రోజు బాపు తువ్వాల ఒకటి క్లాసుకు తీసుకెళ్లేదాన్ని. ఇద్దరు పిల్లల్ని పిలిచి, మిగతావాళ్లను మార్కెట్ లాగా గోల చేయమని, ఆ గోలలో వేళ్లతో అంకె చెప్పించేదాన్ని. చెప్పింది తిరిగి చెప్పించుకుంటే తప్పు దొరుకుతుందని వాళ్లకు అలా ఇట్టే అర్థమయ్యేది. తువ్వాల మేడం అని పేరు కూడా పెట్టారు. ఒక ఎండాకాలం సెలవుల్లో ఎవరో ఆ పాత రాడార్ను నిజంగానే తుక్కు కింద అమ్మేశారు. సెలవులు అయ్యాక ల్యాబ్ తలుపు తీస్తే దాని స్థానంలో వరసగా కంప్యూటర్లు. నా కోపానికి ఆఫీసులో అందరూ నా ముందు నుంచి తప్పుకుని తిరిగారు కొన్నాళ్లు. బాపుకు చెబితే, "నేను ఆనాడే అడిగితిని గదా" అన్నాడు.

కొన్నేళ్ల కిందట, వానాకాలంలో, బాపుకు పక్షవాతం వచ్చింది. కుడిపక్క పడిపోయింది. మాట పూర్తిగా పోయింది. దవాఖాన నుంచి దుకాణం మీద ఉన్న తమ్ముడి ఇంటికి తెచ్చాం. అమ్మ అప్పటికే లేదు. నేను సుబేదారిలోని మా ఇంటి నుంచి రోజూ మధ్యాహ్నం ఆటోలో వెళ్లేదాన్ని. బాపు కళ్లు తెరిచే ఉండేవి, కానీ ఎవరి మొహం మీదా నిలిచేవి కావు. కిటికీ వైపో, ఫ్యాను వైపో చూస్తుండేవాడు. చూడడానికి వచ్చినవాళ్లు ఆయన మంచం పక్కనే కూర్చుని ఆయన గురించి, ఆయన లేనట్టే మాట్లాడుకునేవాళ్లు. నాకు ఒళ్లు మండిపోయేది.

తమ్ముడు స్నానం చేయించేవాడు, తినిపించేవాడు, మూతి తుడిచేవాడు. ఒకరోజు మెట్ల మీద నన్ను ఆపాడు. రోజూ ఒకమ్మాయి వచ్చి బాపు కాళ్లూ చేతులూ వంచి వ్యాయామం చేయించేది. ఆ సమయంలో బాపు మూలిగేవాడు.

"రేపటి సంది ఆ పిల్లను రావద్దంట అక్కా. మూలుగుతాంటె సూడలేకపోతున్న. మనిషి లేడు లోపట. నన్నే గుర్తు వడుతలేడు. ఇన్నేండ్లు ఎంబడి తిరిగిన, నన్నే గుర్తు వడుతలేడు."

"లేడని నీకెట్ల తెలుసు?"

"ఉన్నడని నీకెట్ల ఎర్క?"

బాపు లోపల ఉన్నాడా లేడా అన్నది తేలితే తప్ప వాణ్ని ఆపే హక్కు నాకు లేదనిపించింది.

ఆ మధ్యాహ్నమే అలమారలోంచి తువ్వాల తీశాను. కుడిచెయ్యి పనికిరాదు కాబట్టి ఎడమచేతి మీద కప్పాను. మార్కెట్లో ఎడమచేత్తో బేరం చేయగా ఎవరూ చూసి ఉండరు. నా చెయ్యి దూర్చి మూడు వేళ్లు పట్టుకున్నాను. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఎండుటాకు కదిలినట్టు బాపు వేళ్లు కదిలి నా మూడు వేళ్లు పట్టుకున్నాయి. గుప్పిట మూసుకుంది. రెండు అన్నాను. రెండు అన్నాడు. నాలుగు అంటే నాలుగు. తమ్ముణ్ని కేక వేయబోయాను.

అంతలో నా చదువు అడ్డం వచ్చింది. నేను పంపిందే నాకు తిరిగి వస్తోంది. మనం చేసిందే తిరిగి చేయడం ఇలాంటి రోగుల్లో ఉంటుందని, చేతిలో ఏది పెట్టినా పట్టుకుంటారని, దానికి అర్థాలు వెతక్కండని డాక్టర్ ముందే చెప్పాడు. సరే, ఏ షావుకారీ ఒప్పుకోని మాట చెబుదామని ఒకే ఒక్క వేలు పట్టుకున్నాను. మార్కెట్లో చెబితే మొహాన కొట్టే అంకె అది. బాపు ఒక వేలు పట్టుకుని గుప్పిట ఒత్తాడు. మళ్లీ ఒకటి అన్నాను. మళ్లీ ఖాయం. కళ్లు ఫ్యాను మీదే ఉన్నాయి. ఒక్కసారి తోస్తే చాలు, బాపూ, ఒక్కసారి కాదను, అని లోపల మొత్తుకున్నాను. తోయలేదు.

తువ్వాల మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాను. తమ్ముడు పరిగెత్తుకొచ్చాడు. జరిగింది చెప్పి, "నువ్వన్నదే నిజమేమో తమ్మీ. గుట్ట లెక్క నాది నాకే తిరిగొస్తాంది" అన్నాను. ప్రదర్శన రోజు గుట్ట సంగతి వాడికీ తెలుసు. ఇంట్లో చాలా ఏళ్లు చెప్పుకుని నవ్వుకున్నాం.

వాడు నా చేతిలోంచి తువ్వాల తీసుకున్నాడు. మడతపెడతాడనుకున్నాను. బాపు చేతి మీద కప్పి, పక్కన కూర్చుని, తన చెయ్యి దూర్చాడు. ఫోన్లలో బేరాలు వచ్చాక వాడు ఎవరి చెయ్యీ పట్టుకోలేదు. కళ్లు మూసుకున్నాడు. గది అంతా కింద దుకాణంలోంచి వచ్చే మిర్చి ఘాటు.

ఉన్నట్టుండి వాడి కళ్లు తెరుచుకున్నాయి.

"అక్కా, తోసిండు."

"ఏందీ?"

"తోసిండే! నేను మూడన్న. తోసి, అయిదు అంటాండు." మళ్లీ చెయ్యి కదిపాడు. "నాలుగన్న. మళ్ల తోసిండు. అయిదే అంటాండు. దిగుతలేడక్కా! అసలు దిగుతలేడు!"

వాడు నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో నాకు తెలియలేదు, వాడికీ తెలిసి ఉండదు. నేను బాపు మొహం చూశాను. కిటికీ వైపు చూస్తున్నాడు. అప్పుడు గుర్తుపట్టాను ఆ చూపును. ఇన్నాళ్లూ మేం శూన్యం అనుకున్నది బేరంలో ఉన్న బాపు మొహం.

తువ్వాల అదే, చెయ్యి అదే. నేను అడిగితే ఒక జవాబు, వాడు అడిగితే ఇంకో జవాబు. గుట్టకు ఎవరు పిలిచారో తెలియదు. బాపుకు తెలిసింది. నా వేళ్లను పట్టుకుని నన్ను, వాడి వేళ్లను పట్టుకుని వాణ్ని గుర్తుపట్టాడు. బిడ్డతో బేరమేమిటని అమ్మతో అన్న మనిషి ఆ మంచం మీద చెక్కుచెదరకుండా ఉన్నాడు. జీవితమంతా ఆ పాఠం చెప్పిన నేను, నాకొచ్చిన జవాబును జవాబు అనుకోలేకపోయాను. తమ్ముడు లేచాక నేను మళ్లీ కూర్చున్నాను. బాపు అరచేతిలో ఒక నొక్కు నొక్కి, నాలుగు వేళ్లూ పట్టుకున్నాను. ఆయన చాలా నిదానంగా తిరిగి చెప్పాడు, ముందు నొక్కు, ఆపైన ఒక్కొక్క వేలూ. ఖాయం చేశాడు. తొమ్మిది.

వ్యాయామం చేయించే అమ్మాయి మానలేదు. బాపుకు మాట మాత్రం రాలేదు. కానీ ఇంట్లో వాతావరణం మారిపోయింది. సాయంత్రం దుకాణం కట్టేసి వచ్చి తమ్ముడు బాపు పక్కన తువ్వాల కప్పుకుని కూర్చునేవాడు. ఏం బేరమో వాళ్లకే తెలియాలి, వస్తువంటూ ఏమీ లేదు. వీడొక అంకె అనడం, ఆయన తోయడం. "ఇయ్యాల గూడ ఒప్పుకోలే" అని రోజూ నాకు ఫోన్లో ఫిర్యాదు చేసేవాడు. వాడి గొంతులో అంత సంతోషం నేను మునుపెన్నడూ వినలేదు.

ఆ మరుసటి ఎండాకాలం ఒక సాయంత్రం తమ్ముడి ఫోన్ వచ్చింది.

"ఒప్పుకున్నడక్కా," అన్నాడు. "మూడన్న. మూడని ఖాయం జేసిండు. మళ్లొకసారి రెండన్న. దానికి గూడ."

నేను ఆటో ఎక్కి వెళ్లేసరికి బాపు కళ్లు మూసుకుని ఉన్నాడు. ఊపిరి ఆడుతోంది. తమ్ముడి చెయ్యి ఇంకా తువ్వాల కిందే ఉంది. నన్ను చూసి చిన్నపిల్లవాడిలా అడిగాడు.

"సదువుకున్నదానివి, నువ్వు చెప్పు. గుట్టనా అక్కా? బాపునా?"

నాకు తెలియదు. ఈ రోజుకీ తెలియదు. ఏ యంత్రమైనా తేల్చగలిగేది కాదు అది. బాపు మర్నాడు తెల్లవారకముందే పోయాడు. కానీ ఆ సాయంత్రం వాడి పక్కన కూర్చుని, తువ్వాల మీద నా చెయ్యి వేసి, ఏమాత్రం తడుముకోకుండా చెప్పాను.

"బాపే తమ్మీ. కొడుకుతోని గూడ బేరమేందని అంటాండు."